నోరా సంతకం: నాటక చరిత్ర రాయబోతున్న మేనకోడలికి ఉత్తరం

చి. సుభద్రకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఐరోపా నాటకరంగ చరిత్రను, ఆ నాటకాలను కన్న సమాజంతో కలిపి, తెలుగులో ఒక పుస్తకంగా రాయాలని సంకల్పించావనీ, అందుకోసం కళాశాలలో ఉద్యోగం కూడా వదులుకునే ఆలోచనలో ఉన్నావనీ మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. నలభై ఏళ్లు పరిషత్తు నాటకాలు ఆడించి, ఎన్నోసార్లు మొదలుపెట్టి నేను పూర్తి చేయలేకపోయిన పనిని మన ఇంటి పిల్ల తలకెత్తుకుంటోందన్న గర్వం ఒకవైపు, ఆ పనిలో నేను పడిన గోతిలోనే నువ్వూ పడతావేమోనన్న భయం మరొకవైపు ఉన్నాయి. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో మాట మారుస్తావు.

తెలిసిన సంగతులు ముందే చెప్పేస్తాను. తారీఖులు రెండుసార్లు సరిచూసుకో, పేర్లను ఆయా భాషల ఉచ్చారణ ప్రకారం రాయి, రాసినదాన్ని రెండు చోట్ల దాచుకో, రాత్రి పదకొండు దాటాక రాయకు.

ఇక అసలు విషయం. నాటక చరిత్ర అంటే గొప్ప రచయితల వరుస అని నేను చాలాకాలం నమ్మాను. ప్రాచీన గ్రీకు నాటకకర్తలలో ఈస్కిలస్ తర్వాత సోఫోక్లీస్, ఆయన తర్వాత యూరిపిడీస్ అంటూ కుర్రవాళ్లకు అలాగే పాఠాలు చెప్పాను. అలా చెబితే వినేవాడికి పేర్లు మిగులుతాయి, నాటకం మిగలదు. ఏ నాటకం గురించి రాయబోయినా ముందు మూడు ప్రశ్నలు వేసుకో. చూడటానికి ఎవరు వచ్చారు? ఖర్చు ఎవరు పెట్టారు? వద్దని చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంది? వీటికి జవాబు దొరికిన తర్వాతే సంభాషణల జోలికి వెళ్లు.

ఏథెన్సు నుంచే మొదలుపెడతావు కదా. వసంతకాలంలో డయోనైసస్ అనే దేవుడి ఉత్సవం జరిగేది, నాటకాలు ఆడేది అందులోనే. కోరస్ (నాటకంలో కలిసి పాడుతూ ఆడే బృందం) శిక్షణకూ వేషాలకూ అయ్యే ఖర్చును నగరంలోని ఒక ధనవంతుడు పౌరధర్మంగా భరించాలి. క్రీ.పూ. 472లో ఈస్కిలస్ రాసిన 'పర్షియన్లు' నాటకానికి ఆ ఖర్చు భరించినవాడు తర్వాత ఏథెన్సు నాయకుడైన, అప్పటికి ఇరవైల్లో ఉన్న పెరిక్లీస్. మనకు పూర్తిగా దక్కిన గ్రీకు విషాదాంతాలలో అదే అన్నిటికన్నా పాతది. దానికి ఎనిమిదేళ్ల ముందే పర్షియా సైన్యం ఏథెన్సును తగలబెట్టింది, ఏథెన్సు నావికులు సలామిస్ ద్వీపం దగ్గర పర్షియా నౌకాదళాన్ని ముంచేశారు. అక్రోపోలిస్ కొండ దక్షిణపు వాలులో, కాలిపోయిన ఆలయాల కింద కూర్చుని నాటకం చూస్తున్న మగవాళ్లలో చాలామంది ఆ యుద్ధంలో తెడ్డు వేసినవాళ్లే. వాళ్ల ముందు ఈస్కిలస్ నిలబెట్టినది తమ విజయాన్ని కాదు, కొడుకు ఏమయ్యాడో తెలియక తల్లడిల్లే శత్రుదేశపు రాజమాతను. ఆయన కూడా అంతకుముందు పర్షియాతోనే జరిగిన మారథాన్ యుద్ధంలో కత్తి పట్టినవాడే. ఈ సంగతులు చెప్పకుండా ఆ నాటకం కథ మాత్రం చెబితే అందులో ఏడుపు తప్ప ఏమీ కనిపించదు. ఇంకొకటి కూడా రాయి. ఆ శతాబ్దంలోనే, ఏథెన్సు సామ్రాజ్యంగా ఎదిగాక, మిత్ర నగరాలు కట్టిన కప్పాన్ని అదే రంగస్థలం మీద ప్రదర్శనకు పెట్టేవారు. యుద్ధంలో తండ్రులను కోల్పోయి ప్రభుత్వ పోషణలో పెరిగిన కుర్రవాళ్లను కవచాలు తొడిగి ప్రేక్షకుల ముందు నడిపించేవారు. నాటకానికి ముందు అక్కడ రాజ్యం నడిచేది.

మధ్యయుగాల మీద ఎక్కువ పేజీలు ఖర్చు పెట్టకు, కానీ ఇంగ్లండులోని యార్క్ నగరాన్ని వదలకు. అక్కడ బైబిల్ కథలను బండ్ల మీద వీధివీధినా ఆడినవాళ్లు వృత్తి సంఘాల వారు. నోవా ఓడ కట్టే ఘట్టం ఓడలు చేసేవారిది, యేసు చివరి విందు రొట్టెలు కాల్చేవారిది. తమ చేతిపనినే దైవకథలో భాగంగా చూపించుకున్నారు వాళ్లు. ఇంగ్లండు చర్చి పోపు అధికారం నుంచి విడిపోయిన మత సంస్కరణ తర్వాత ఆ ఆటలు నిలిచిపోయాయి, 1569 వాటికి ఆఖరి ఏడు.

లండన్ దగ్గర ఆగు. 1572 నాటి చట్టం ప్రకారం ప్రభువుల అండ లేని నటుడు దేశదిమ్మరి కింద లెక్క, పట్టుబడితే కొరడా దెబ్బలు తప్పవు. అందుకే ఆ కాలపు నాటక సమాజాలన్నిటికీ ఎవరో ఒక ప్రభువు పేరు ఉంటుంది. 1576లో జేమ్స్ బర్బేజ్ అనే నటుడు తన నాటకశాలను లండన్ గోడల అవతల షోర్‌డిచ్‌లో కట్టడానికి కారణం నగర పాలకుల అధికారం అక్కడికి చేరకపోవడమే. 1598 చలికాలంలో స్థలం యజమానితో తగవు వచ్చినప్పుడు, ఆ నాటకశాల కలపను విప్పేసి, థేమ్స్ నది దక్షిణపు ఒడ్డుకు చేర్చి, దానితోనే 1599లో గ్లోబ్ నాటకశాలను కట్టారు. ఒక్క పెన్నీ ఇస్తే ఎండలోనో వానలోనో నిలబడి చూడవచ్చు. ఆ పెన్నీ సంగతి చెప్పకుండా షేక్‌స్పియర్ భాష ఒకే సన్నివేశంలో రాజసభ నుంచి సంతబజారుకు ఎందుకు దిగుతుందో చెప్పలేవు. రాజుతో అంతర్యుద్ధం మొదలైన 1642లో పార్లమెంటు నాటకశాలలను మూయించింది. 1660లో రాజరికం తిరిగి వచ్చాక అవి తెరుచుకున్నప్పుడే ఆడవేషాలు మగపిల్లల నుంచి స్త్రీలకు దక్కాయి.

ఫ్రాన్సులో హాస్యనాటక రచయితా నటుడూ అయిన మోలియర్ చావును తప్పకుండా రాయి. 1673లో, రంగస్థలం మీద రోగిష్టినని భ్రమపడేవాడి వేషం కట్టిన రాత్రే ఆయన నిజమైన జబ్బుతో ఇంటికి చేరి చనిపోయాడు. నటవృత్తిని ముందుగా త్యజించనందుకు చర్చి అంత్యక్రియలకు ఒప్పుకోలేదు. భార్య వెళ్లి రాజును వేడుకున్న తర్వాత, రాత్రివేళ, ఆడంబరం లేకుండా పూడ్చనిచ్చారు. రాజుగారిని నవ్వించిన మనిషికి ఆ రాజ్యంలో దక్కిన చోటు అంతే.

ఇది రాస్తుంటే మీ అమ్మ గుర్తుకు వస్తోంది. ఇక నా పాత తప్పు గురించి చెప్పాలి, అందులో ఆమె కూడా ఉంది.

నువ్వు పుట్టక ముందు, నాకు ముప్పై నాలుగేళ్లప్పుడు, నార్వే రచయిత ఇబ్సెన్ 'ఎ డాల్స్ హౌస్' నాటకాన్ని తెలుగు చేసి ఒక పరిషత్తు పోటీలకు సిద్ధం చేశాను. నాయిక నోరాను నళినిని చేశాను, భర్తను బ్యాంకు అధికారిగానే ఉంచాను. కథ నీకు తెలుసు. జబ్బుపడ్డ భర్తను ఇటలీ తీసుకువెళ్లి బతికించుకోవడానికి నోరా రహస్యంగా అప్పు చేస్తుంది, హామీగా తండ్రి సంతకాన్ని తానే పెడుతుంది. ఆ సంతకం కింద వేసిన తేదీ తండ్రి చనిపోయిన మూడు రోజుల తర్వాతిది కావడంతో దొరికిపోతుంది. మొదటి అంకంలో ఆమె స్నేహితురాలు ఒక మాట అంటుంది: భర్త సమ్మతి లేకుండా భార్య అప్పు చేయడానికి వీల్లేదు కదా అని. నిడివి తగ్గించాలని ఎర్ర సిరాతో నేను కొట్టేసిన వాక్యాలలో అదొకటి. మన కాలంలో, మన దేశంలో ఆ నిబంధన లేదు కనుక ప్రేక్షకుడికి అక్కరలేదనుకున్నాను.

ఆ ఒక్క వాక్యం పోయేసరికి నాటకం తలకిందులైంది. తన పేరుతోనే అప్పు తీసుకునే దారి ఉన్నా దొంగసంతకం పెట్టిన ఆడదిగా నళిని కనిపించింది. చట్టం ఆమె చేతిని కట్టేసింది కనుకనే ఆ చేయి తండ్రి పేరు రాసిందన్న సంగతి ఎవరికీ తెలియలేదు. రిహార్సల్ చూడటానికి వచ్చిన నిర్వాహకుడొకరు, ముగ్గురు పిల్లల తల్లి తలుపు వేసుకుని వెళ్లిపోతే జనం ఒప్పుకోరు, ముగింపు మార్చండి అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఆమె గుమ్మం దాకా వెళుతుంది, లోపల పసిబిడ్డ ఏడుస్తుంది, చేతిలో సంచి కింద పెడుతుంది. తెర పడింది, చప్పట్లు మోగాయి, ఉత్తమ ప్రదర్శన బహుమతి మాకే వచ్చింది.

నళిని వేషం వేసిన నటి వేరే ఊరి నుంచి రాత్రి బస్సులో వచ్చేది. నాటకాలాడే మనిషికి మా వీధిలో ఎవరూ గది ఇవ్వలేదు. మీ అమ్మ అప్పటికి పెళ్లికాని పిల్ల, మీ తాతగారు కోప్పడుతున్నా వినకుండా తన గదిలోనే పడక వేసింది. బహుమతి వచ్చిన రాత్రి ఆ నటి మేకప్ తుడుచుకుంటూ, "మాస్టారూ, ఆవిడ ఎందుకు ఆగిందండీ?" అని అడిగింది. పిల్లల కోసం అన్నాను. "పిల్లలు మొదటి అంకం నుంచీ ఉన్నారు కదండీ" అంది. నేను జవాబు చెప్పలేదు. అలసిపోయాను, పొద్దున మాట్లాడదామన్నాను. పొద్దున్నే ఆమె బస్సు ఎక్కేసింది.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆ ముగింపు నాకన్నా ముందే ఇబ్సెన్ రాశాడని. నాటకం 1879 డిసెంబరు 21న కోపెన్‌హాగన్‌లో మొదటిసారి ఆడింది. మరుసటి ఏడు జర్మనీలో నోరా వేషం కట్టవలసిన ప్రసిద్ధ నటి హెడ్విగ్ నీమన్-రాబె పిల్లలను వదిలి వెళ్లే తల్లిగా నటించనంది. ఇబ్సెన్ రచనకు జర్మనీలో చట్టరక్షణ లేదు, ఎవరు ఎలా మార్చినా ఆయన ఆపలేడు. పరాయివాడు నరకడం కన్నా తానే చేయడం మేలని, నోరా పిల్లల గది గుమ్మం దగ్గర కూలిపోయే ముగింపును తానే రాసి ఇచ్చాడు. ఆ మార్పు తన నాటకం మీద జరిగిన అనాగరిక దౌర్జన్యమని పత్రికకు రాసి మరీ ప్రకటించాడు. మొదట నాకు ఊరట కలిగింది, అంతటివాడికే తప్పలేదు కదా అని. తర్వాత సిగ్గు వేసింది. ఏ బలం తన చేయి వంచుతోందో ఆయనకు తెలుసు, దానిని పేరు పెట్టి చెప్పాడు కూడా. నాకు అది తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. 1884లో వివాహిత స్త్రీల ఆస్తిహక్కు కోసం నార్వే పార్లమెంటుకు వెళ్లిన అర్జీ మీద ఇబ్సెన్ సంతకం ఉంది. ఆ హక్కు 1888లో వచ్చింది. నోరా వెళ్లిపోతూ తలుపు వేసిన చప్పుడు గురించి అందరూ రాస్తారు తల్లీ, నువ్వు నోరా పెట్టిన ఆ సంతకం గురించి రాయి.

అలాగే 'నేతగాళ్లు' నాటకం దగ్గర టికెట్ ధర రాయడం మరిచిపోకు. 1844లో సైలీషియా నేతపనివారు చేసిన తిరుగుబాటు మీద జర్మన్ రచయిత హౌప్ట్‌మన్ రాసిన ఆ నాటకాన్ని బెర్లిన్ పోలీసులు నిషేధించారు. 1893లో న్యాయస్థానం నిషేధాన్ని ఎత్తివేస్తూ చెప్పిన కారణాలలో ఒకటి, ఆ నాటకశాల టికెట్లు ఖరీదైనవి కనుక కార్మికులు పెద్దగా రారని. ఆకలి గురించిన నాటకం ఆకలిగొన్నవారికి అందదన్న భరోసాతో అనుమతి దొరికింది. వద్దనే అధికారం ఎవరిదన్న మూడో ప్రశ్నకు జవాబు డబ్బు ఎవరిదన్న రెండో ప్రశ్నలో ఉంటుందని నేను అనేది ఇందుకే.

ప్రచురించేవాళ్లు ఈ చట్టాలూ ధరలూ తీసేసి కథలు ఉంచమంటారు. ఒప్పుకోకు. ప్రతి అధ్యాయంలో మన నాటకంతో పోలిక పెట్టమని కూడా అంటారు. నిజంగా బంధం ఉన్నచోట పెట్టు, లేనిచోట వదిలేయి.

ఉద్యోగం సంగతి. రాజీనామా చేయడానికి వీల్లేదు, ఇది మేనమామగా చెబుతున్నాను. జీతం లేని సెలవు ఏడాది పెట్టు. కోరస్ ఖర్చు ఎవరు పెట్టారని పెరిక్లీస్ గురించి అడిగే మనిషి తన ఏడాది ఖర్చు ఎవరు పెడతారో అడగకుండా దూకకూడదు. అందులో ఆరు నెలలది నేను పెడతాను. పింఛను నాకు మిగులుతూనే ఉంది, మీ అత్తయ్యతో మాట్లాడాను, ఆమె నాకన్నా ముందే సరేనంది. వద్దనకు.

ఆ నాటకం రాతప్రతి బస్సు పార్సిల్‌లో పంపిస్తున్నాను. మొదటి అంకం, పదకొండో పేజీ చూడు. ఎర్ర సిరా వెలిసిపోయింది, దాని కింద వాక్యం చదవడానికి వస్తుంది.

ఇట్లు,
మామయ్య