54 ఏళ్లకే ఇంటికా?

ప్రశ్న: మా అన్నయ్య ఆర్మీలో కల్నల్. వచ్చే ఏడాది 54 నిండగానే రిటైర్ చేస్తారట. ఇప్పటికీ రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెడతాడు. అంత గట్టిగా ఉన్నవాణ్ణి ఎందుకు పంపించేస్తారు?
- ఒక పాఠకురాలు

జవాబు: నేనూ కల్నల్‌గానే 54కి యూనిఫాం విప్పానమ్మా. ఇదే ఉక్రోషం నాకూ ఉండేది. కానీ ఇది ఒంటి సత్తువ లెక్క కాదు, కుర్చీల లెక్క. బ్రిగేడియర్‌కి 56, మేజర్ జనరల్‌కి 58, లెఫ్టినెంట్ జనరల్‌కి 60. ఆర్మీ చీఫ్‌కి 62 ఏళ్లు లేదా పదవిలో మూడేళ్లు, ఏది ముందైతే అది. పైకి వెళ్లేకొద్దీ పోస్టులు తక్కువ. మేం కదలకపోతే కిందివాళ్ల చేతికి బెటాలియన్ వచ్చేసరికి వాళ్ల మోకాళ్లు అరిగిపోతాయి. కొండలెక్కాల్సింది వాళ్లే కదా!

అమెరికా నేవీలో అడ్మిరల్ రికోవర్‌కి పొడిగిస్తూ పోయి, 1982లో 82 ఏళ్లు నిండాక గానీ పంపలేకపోయారు. అంత సాగదీత నాకైతే నచ్చదు.

మనకు రిటైర్మెంట్ నెలాఖరు రోజున. మర్నాడు తెల్లవారుజామున నేను అలవాటుగా బూట్లు కట్టుకుని, ఎక్కడికి వెళ్లాలో తెలియక కూర్చుండిపోయాను. ఆ వారం మీ అన్నయ్యని ఒంటరిగా వదలకండి.