ఆ బీఎండబ్ల్యూ 330ఐ కొనొచ్చా? మేనకోడలికి మావయ్య ఉత్తరం

విజయవాడ, ఆటోనగర్

చిరంజీవి లావణ్యకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు, అమ్మే ఆయన మెసేజీ చూశాను. 2020 మోడల్ బీఎండబ్ల్యూ 330ఐ ఎం స్పోర్ట్, టీఎస్ నంబరు, సింగిల్ ఓనర్, నలభై రెండు వేల కిలోమీటర్లు. అంత డబ్బు పోసి పాత బండి ఎందుకని మా బావ, అదే మీ నాన్న, అంటున్నాడనీ, నీకేమో ఆ బండే కళ్లలో మెదులుతోందనీ రాశావు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావు. అందుకే రాసి పంపుతున్నాను, బండి దగ్గరికి వెళ్లేటప్పుడు దగ్గర పెట్టుకో.

ముందు నీ ప్రశ్నకి జవాబు. స్టీరింగ్ పట్టుకుని ఆనందించడానికే కొంటున్నావు కాబట్టి ఈ తరగతిలో నేను పాతదే కొనమంటాను. అయితే ఆ ఒక్క బండి చరిత్ర కాగితాల మీద రుజువు కావాలి, కొన్నాక చేతిలో కొంత డబ్బు మిగలాలి. ఈ రెండూ లేకపోతే వద్దనే అంటాను, బండి ఎంత మెరుస్తున్నా సరే. ఇలాంటి కారు ధర ఐదారేళ్లలో ఇంచుమించు సగానికి పడిపోతుంది. దాని విడిభాగాల ధర మాత్రం రూపాయి కూడా తగ్గదు. నువ్వు సగం ధరకే కొన్నావు కదా అని హెడ్‌లైటు సగం ధరకి ఎవరూ ఇవ్వరు. ఈ సంగతి లెక్కలో వేసుకోకుండా కొన్నవాళ్లే ఏడాది తిరిగేసరికి అమ్మకానికి పెడతారు. అలా చేతులు మారిన బండ్లు నా కళ్లముందు చాలా వెళ్లాయి.

కొత్తదాని సంగతి కూడా చూద్దాం. నీ 330ఐ బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లోది. ఈ తరం 3 సిరీస్ మన దేశంలోకి 2019 ఆగస్టులో వచ్చింది. రెండు లీటర్ల టర్బో పెట్రోల్, 258 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్, వెనక చక్రాలకి పవర్, జెడ్‌ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. 2021 మొదట్లో గ్రాన్ లిమోజిన్ పేరుతో పొడవాటిది దింపారు. ముందు వెనక చక్రాల మధ్య దూరం 110 మిల్లీమీటర్లు పెంచారు. వెనక సీట్లో కూర్చునే వాళ్లకి అది సుఖం, నిజమే. కానీ నువ్వు నడిపే మనిషివి. మలుపులో అటూ ఇటూ చటుక్కున తిరిగే గుణం పొట్టిదానిలోనే ఎక్కువ. ఇప్పుడు షోరూములో పెట్రోల్ 330 అంటే పొడవాటిదే చూపిస్తారు. పొట్టిది కొత్తగా కావాలంటే ఆరు సిలిండర్ల ఎం340ఐ, దాని షోరూమ్ ధరే 70 లక్షల చుట్టుపక్కల. దానిమీద మీ తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ ఒక్కటే ధరలో ఐదో వంతుకి కాస్త అటూ ఇటూగా పడుతుంది, తరవాత ఇన్సూరెన్సు. అంటే నీకు నచ్చిన పొట్టి 330ఐ ఇప్పుడు పాతదిగానే దొరుకుతుంది. బావకి ఈ మాట చెప్పు, కాస్త మెత్తబడతాడు.

మిగతావాటి గురించి ఎక్కువ రాయను. 2021లో వచ్చిన ఆడి ఏ4 లోపల చాలా బాగుంటుంది, మెత్తగా పోతుంది, కానీ ముందు చక్రాలతో నడిచే 190 హార్స్‌పవర్ బండి. నువ్వు వెతుకుతున్న ఊపు అందులో ఉండదు. 2022లో వచ్చిన మెర్సిడెస్ సీ200 సుఖంలో మొదటి వరస, ఇంజన్ మాత్రం ఒకటిన్నర లీటరుది. జాగ్వార్ ఎక్స్‌ఈ నడపడానికి అద్భుతం. కానీ దాని తయారీయే ఆగిపోయింది, రేపు ఒక సెన్సర్ కోసం ఎన్ని వారాలు కూర్చుంటావో చెప్పలేం. చవగ్గా కనిపించే 2012, 2013 నాటి బీఎండబ్ల్యూ 320డీల జోలికి అసలు పోవద్దు. ఆ డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ చెయిన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అది అరిగి శబ్దం మొదలైతే, మార్చడానికి ఇంజన్ కిందికి దించాలి.

ఇక నువ్వు చూసిన బండి. ముందు ఆర్‌సీ తెప్పించు. 2020 మోడల్ అని అమ్మే ఆయన అంటున్నది రిజిస్ట్రేషన్ ఏడాదా, తయారీ ఏడాదా అన్నది అందులోనే తెలుస్తుంది. తయారైన నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. 2019లో తయారై యార్డులో కూర్చుని 2020లో రిజిస్టర్ అయిన బండి అయితే ధరలో ఆ తేడా అడుగు. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉంటే లోన్ తీరిందన్న లెటరు, ఫారం 35 చేతికి వచ్చేదాకా డబ్బు ఇవ్వకు. టోకెన్ అడ్వాన్సు కూడా.

తరవాత సర్వీస్ చరిత్ర. స్టాంపులు వేసిన పుస్తకం చూపిస్తే అదొక్కటే చాలదు. ఈ బండి స్క్రీన్‌లోనే వాహనం వివరాల దగ్గర సర్వీస్ హిస్టరీ ఉంటుంది. తేదీ, కిలోమీటర్లు వరసగా కనిపిస్తాయి. దాన్ని ఫొటో తీసుకుని, ఆథరైజ్డ్ సర్వీసులో ఓనరు చేత అడిగించి తెచ్చిన బిల్లులతో కలిపి చూడు. మధ్యలో రెండేళ్ల ఖాళీ ఉందంటే ఆ రెండేళ్లూ ఆయిల్ ఎవరు పోశారు, ఏ గ్రేడు పోశారు అని అడగాలి. బయట చేయించుకున్నా తప్పు లేదు, మంచి మెకానిక్‌లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. బిల్లు ఉండాలి, అంతే. జెడ్‌ఎఫ్ గేర్‌బాక్స్ ఆయిల్ జన్మంతా మార్చక్కర్లేదని కొందరు చెబుతారు. గేర్‌బాక్స్ చేసిన జెడ్‌ఎఫ్ వాళ్లే ఎనభై వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. ఈ బండికి ఇంకా టైము ఉంది, నీ చేతికి వచ్చాక ఆ ఖర్చు నీదని గుర్తుంచుకో.

పాత ఇన్సూరెన్స్ పాలసీ అడిగి అందులో నో క్లెయిమ్ బోనస్ శాతం చూడు. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాదికి 20, తరవాత 25, 35, 45, ఐదేళ్లకి 50 శాతం. యాక్సిడెంట్ కాలేదు అంటూ బోనస్ సున్నా ఉంటే ఎందుకని అడుగు. బోనస్ మనిషిది, బండిది కాదు. ఆయన తన పాత కారు నుంచి దీనికి మార్చుకుని ఉండొచ్చు, నీకైతే అది రాదు. కాబట్టి దీన్ని రుజువుగా తీసుకోకు, ప్రశ్న అడగడానికి వాడుకో.

నీళ్ల సంగతి. ఈ ఒక్కదాని దగ్గర తొందరపడకు తల్లీ. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాద్‌లో కురిసిన వానకి ఎన్ని సెల్లార్లు మునిగాయో నీకు తెలుసు. నీ బండి ఆ అక్టోబరుకి ముందు రిజిస్టర్ అయి ఉంటే ఆ వారం ఎక్కడ పార్క్ చేసి ఉందో సూటిగా అడుగు. తరవాతి ఏళ్ల వానలకి కూడా ఇదే ప్రశ్న. ఆయన జవాబు ఏదైనా, నువ్వు మాత్రం స్వయంగా చూడాలి. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని ఆగేదాకా బయటికి లాగు. రోజూ వాడేటప్పుడు చివరి రెండు జానలు బయటికి రావు, అందుకే కడిగేవాళ్లు దాన్ని మరిచిపోతారు. అక్కడ అడ్డంగా లేత గోధుమరంగు గీత కనిపించినా, బట్ట గరుగ్గా తగిలినా అది బురదనీళ్ల గుర్తు. తరవాత సీటు పూర్తిగా ముందుకి జరిపి పట్టాల దగ్గర బోల్టులు చూడు. ఐదేళ్ల బండిలో అక్కడ తుప్పు ఉండకూడదు. డిక్కీలో అడుగు బోర్డు ఎత్తి మూలల్లో వేలు పెట్టి చూడు, సన్నటి మట్టి పొర అంటుకుందా అని. కారు తలుపు తియ్యగానే ఘాటుగా సెంటు వాసన కొడితే అద్దాలన్నీ ఎక్కించి పది నిమిషాలు ఎండలో పెట్టించి మళ్లీ తెరువు. లోపలి కార్పెట్ కింద తడి ఉంటే అప్పుడు బయటపడుతుంది. ఒక జర్మన్ సెడాన్ మా వర్క్‌షాపుకి వచ్చినప్పుడు ఇంజన్ గడియారంలా నడిచింది. సీటు కింద కనెక్టర్లు మాత్రం పచ్చబడి ఉన్నాయి. ఆ తరవాత ఒక నెల అద్దం దిగేది కాదు, ఇంకో నెల ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరేది కాదు. దాన్ని పూర్తిగా బాగుచెయ్యడం మా ఎవరివల్లా కాలేదు. మునిగిన బండిని నాలుగో వంతు ధరకి ఇస్తానన్నా వద్దను.

చూడ్డానికి వెళ్లేది పొద్దున్నే వెళ్లు. నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దండీ అని ముందురోజే చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని వెనక్కి తిరుగు, మొహమాటపడకు. చల్లగా ఉంటే బానెట్ తీసి కూలెంట్ ట్యాంకు చూడు, లెవెల్ గీత దగ్గర ఉండాలి. ఈ ఇంజన్‌కి తెలిసిన బలహీనత కూలెంట్ నెమ్మదిగా తగ్గడం, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర కారడం. ఆ హౌసింగ్ చెయ్యి దూరని చోట ఉంటుంది, పార్ట్ కంటే విప్పి బిగించే కూలీ ఎక్కువ. డిప్‌స్టిక్ కోసం వెతక్కు, ఆయిల్ లెవెల్ ఇంజన్ వేడెక్కాక స్క్రీన్ మీద చూడాలి. స్టార్ట్ చేసిన మొదటి పది సెకన్లు మాట్లాడకుండా చెవి పెట్టి విను. గలగల శబ్దం రాకూడదు, సైలెన్సర్ నుంచి నీలం పొగ రాకూడదు. అమ్మే ఆయన సరిగ్గా అప్పుడే కబుర్లు మొదలుపెడతాడు. ఒక్క నిమిషం అండీ అని చెప్పెయ్యి.

నడిపేటప్పుడు మొదట మీ కొండాపూర్ గల్లీల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద, గుంతల్లో మెల్లిగా పోనివ్వు. ముందు చక్రాల దగ్గర టక్ టక్ అంటే సస్పెన్షన్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు అయిపోయాయి. ఆ తరవాత నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కు. నిటారు రోడ్డు మీద స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే బండి పక్కకి లాగకూడదు. వెనక ఎవరూ లేనప్పుడు వంద నుంచి గట్టిగా బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణకకూడదు. గేర్లు మారుతున్నట్టు నీకు తెలియనే కూడదు. ముఖ్యంగా ట్రాఫిక్‌లో ఆగబోయేటప్పుడు రెండు నుంచి ఒకటికి దిగేచోట కుదుపు ఉందేమో చూసుకో.

టైర్లు. వీటిమీదే నీకు బేరం దొరుకుతుంది. పక్కగోడ మీద DOT కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడు. 2322 అంటే 2022లో ఇరవై మూడో వారం తయారైందని. ఐదేళ్లు దాటినవి గాడి ఎంత ఉన్నా మార్చాల్సిందే. వీటికి రన్‌ఫ్లాట్ టైర్లు, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచేవి ఉంటాయి, పక్కగోడ బిరుసు. గుంతలో పడితే దెబ్బ రిమ్ముకి తగులుతుంది. లోపలివైపు రిమ్ము వంగిందేమో బండి లిఫ్ట్ మీద ఎత్తించి చూడాలి, బయటి నుంచి కనిపించదు. నాలుగు రన్‌ఫ్లాట్‌లు మార్చాలంటే లక్ష దాటొచ్చు. ఆ మొత్తం ధరలోంచి తీసేసి మాట్లాడు.

ఈ బండ్లకే ఉన్న ఇంకో సమస్య రీమ్యాప్. కుర్రాళ్లు ఇంజన్ కంప్యూటర్‌లో ట్యూన్ వేయించి పవర్ పెంచుకుంటారు, అమ్మేముందు మళ్లీ మామూలు సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ బాక్స్ బోల్టుల మీద గీతలు, సైలెన్సర్ దగ్గర కొత్త వెల్డింగు, వెనక టైర్లు మాత్రమే ముందే అరిగిపోవడం కనిపిస్తే అనుమానించు. ట్యూన్ చేసిన ఇంజన్ అంటే వారంటీ ఇచ్చేవాళ్లు వెనకడుగు వేస్తారు. అందుకే బీఎండబ్ల్యూ స్కానర్ ఉన్న మెకానిక్‌ని తప్పకుండా తీసుకెళ్లు. బండిలోని అన్ని కంప్యూటర్ మాడ్యూళ్లలో ఫాల్ట్ కోడ్‌లు చదివించు, వాటిలో దాచి ఉన్న కిలోమీటర్లు మీటరుతో కలుస్తున్నాయో చూడమను. కోడ్‌లన్నీ నిన్ననే చెరిపేసినట్టు కనిపిస్తే అది కూడా ఒక సమాచారమే. ఆ మెకానిక్‌కి ఇచ్చే నాలుగైదు వేలు ఖర్చు అనుకోకు.

ఢిల్లీ నుంచి వచ్చిన బండి ఇంకొకటి చవగ్గా ఉందన్నావు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టారు కాబట్టి గడువు దగ్గరపడే కొద్దీ అలాంటివి దక్షిణాదికి దిగుతూ వచ్చాయి. అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కోసం తిరగాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అక్కడి చలానాలు తేల్చాలి. అవన్నీ కలిపితే ఆ చవక నిలబడదు. టీఎస్ నంబరు బండి ఉండగా ఆ తిప్పలు నీకెందుకు?

ధర మాట్లాడేటప్పుడు అమ్మే ఆయన తను కొన్నప్పటి ఆన్‌రోడ్ ధర నుంచి మొదలుపెడతాడు. నువ్వు ఇవాళ్టి కొత్త ధర నుంచి మొదలుపెట్టు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్ ఎత్తేసి జీఎస్టీ 40 శాతం చేశారు, కొత్తవాటి ధర తగ్గింది, పాతవాటిదీ తగ్గాలి. నువ్వు అనుకున్న మొత్తంలో ఐదో వంతు పక్కన పెట్టేసి, మిగిలినదానిలోనే బండి వెతుకు. టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, ఇన్సూరెన్స్ అన్నీ మొదటి ఏడాదిలోనే అడుగుతాయి. ఇన్సూరెన్స్‌లో జీరో డెప్ (క్లెయిమ్‌లో తరుగుదల కొయ్యనిది), ఇంజన్ ప్రొటెక్ట్ రెండూ తీసుకో. నీళ్లలో స్టార్ట్ చేస్తే పోయే ఇంజన్‌కి మామూలు పాలసీ డబ్బు ఇవ్వదు. సిటీలో లీటరుకి ఎనిమిది తొమ్మిది కంటే ఎక్కువ ఆశించకు.

బండి కుదిరితే పేరు మార్పిడికి కావలసిన ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు నీ ముందే పెట్టించు. రెండు తాళాలూ అడుగు, ఒకటే ఇస్తే రెండోది చేయించడానికి అయ్యే ఖర్చు తగ్గించమను.

ఛాసిస్ నంబరు, స్క్రీన్‌లో సర్వీస్ హిస్టరీ, నాలుగు టైర్ల అంకెలు, సీటు బెల్టు చివర ఫొటోలు తీసి నాకు పంపు. శనివారం పొద్దున స్కానర్ తీసుకుని రావడానికి హైదరాబాద్‌లో మనకి తెలిసిన కుర్రాడు ఉన్నాడు, ఈ రాత్రే అతనితో మాట్లాడి టైము చెబుతాను. అతను సరే అనేదాకా అడ్వాన్సు ఇవ్వకు. అక్కని, బావని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మావయ్య