ఆ మాట కాగితం మీద ఉందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం మన విశాఖకు వస్తున్న గూగుల్ డేటా సెంటర్ గురించే. అన్నీ అచ్చేస్తే పత్రికలో వంటల పేజీకి కూడా చోటుండదు కాబట్టి ఒకటి తీసుకుని, మిగతా చోటు మిగతా బాధలకు ఇస్తున్నాం.

ప్రశ్న: మా బంధువు ఒకాయన స్థలాల వ్యాపారం చేస్తారు. ఆనందపురం దాటాక ఒక లేఅవుట్ చూపించి, తర్లువాడలో డేటా సెంటర్ వస్తోంది, ఇప్పుడు కొంటే మూడేళ్లలో రేటు రెట్టింపు అంటున్నారు. మా అబ్బాయి బీటెక్ ఈ ఏడాదితో అయిపోతుంది, వాడికీ అక్కడే ఉద్యోగం దొరుకుతుందట. అడ్వాన్సు ఇవ్వమంటారా? (పెందుర్తి పాఠకుడు)

జవాబు: మీ బంధువు రెండు ఆశల్ని ఒకే బ్రోచర్లో పెట్టి ఇచ్చారు. ముందు ఉద్యోగం సంగతి చూద్దాం.

గూగుల్ రావడం ఉత్త మాట కాదు. 2025 అక్టోబరు 14న ఢిల్లీలో ప్రకటించారు: ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు, గిగావాట్ స్థాయి డేటా సెంటర్, సముద్రం అడుగున వచ్చే కేబుళ్లు, భాగస్వాములుగా అదానీకానెక్స్, ఎయిర్‌టెల్. అంతవరకూ బానే ఉంది. అయితే ఆ 15 బిలియన్లూ మన ఊళ్లో చేతులు మారతాయనుకోకండి. డేటా సెంటర్ ఖర్చులో సింహభాగం లోపల పెట్టే చిప్పులకూ సర్వర్లకూ పోతుంది, అవి ఇక్కడ తయారయ్యేవి కావు. కట్టినన్నాళ్లూ మేస్త్రీలకు, వెల్డర్లకు, ఎలక్ట్రీషియన్లకు, క్రేన్ నడిపేవాళ్లకు చేతినిండా పని ఉంటుంది. కట్టడం అయ్యాక అంత పెద్ద బిల్డింగుల్లో తిరిగేది కాస్తమందే, ఎందుకంటే మనుషులు తక్కువ, మెషీన్లు ఎక్కువ ఉండేలాగే దాన్ని కడతారు. మీవాడు ఎలక్ట్రికలో మెకానికలో చదివుంటే ఏసీ ప్లాంటు, జనరేటర్లు, యూపీఎస్ నిర్వహణ వైపు చూడమనండి, ఆ పని నిజంగానే ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ అయితే మాత్రం కోడ్ రాసేవాడు సర్వర్ పక్కనే కూర్చోవాల్సిన పని లేదు, తర్లువాడకీ వాడి ఉద్యోగానికీ లంకె లేదు. అన్నేసి సర్వర్లకు కావలసిన కరెంటు, నీళ్లు ఎక్కణ్నుంచి తెస్తారు, ఎండాకాలం కుళాయి రోజు విడిచి రోజు వచ్చే కాలనీల సంగతేంటి అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. దానికి లెక్కలతో జవాబు చెప్పినవాళ్లు నాకింకా తగల్లేదు.

ఇక స్థలం. గూగుల్ వస్తోందని మీరు ఏ పేపర్లో చదివారో అమ్మేవాడూ అదే చదివాడు, కాబట్టి ఆ కబురు ధర ఇప్పటికే గజం రేట్లో కలిసిపోయింది. బ్రోచర్లో మ్యాపు ఒకసారి మళ్లీ చూడండి, ‘హైవేకి 5 నిమిషాలు’ అని ఉంటుంది, ఎన్ని కిలోమీటర్లో మాత్రం ఉండదు. ఏ టైంలో ఐదు నిమిషాలని అడగండి, సాయంత్రం ఆనందపురం జంక్షన్ దాటినవాళ్లెవరూ ఆ మాట రాయరు. తర్వాత కాగితాలు. వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) ఇచ్చే ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు ఉందా? ‘అప్రూవల్‌కి పెట్టామండి’ అంటే రాలేదని అర్థం. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు తప్పనిసరి, ఆ నంబరు ఏపీ రెరా సైటులో మీరే కొట్టి చూసుకోండి, వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ నమ్మొద్దు. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని స్థలాల 22ఎ నిషేధిత జాబితాలో లేదని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. విశాఖ చుట్టుపక్కల ఈ 22ఎతో కూతురి పెళ్లికి దాచుకున్న స్థలం అమ్ముకోలేక తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంకొకటి, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టమే చెబుతోంది. చుట్టరికం చూసి దీన్ని వదిలేయకండి. మీ బంధువు ఏమైనా అనుకుంటే నా పేరు చెప్పండి.

ప్రశ్న: టీసీఎస్‌కి 99 పైసలకు భూమి ఇచ్చారు. మాలాంటి వాళ్లం రెండు సెంట్ల ఇంటి పట్టా కోసం చెప్పులరిగేలా తిరుగుతున్నాం. ఇదేం న్యాయం? (కూర్మన్నపాలెం పాఠకుడు)

జవాబు: మీ కోపం అర్థమైంది కానీ 99 పైసల దగ్గర ఆగిపోవద్దు. కొండ మీద కంపెనీ వచ్చి నిజంగా మనవాళ్లకు పని దొరికితే పైసల్లో ఇచ్చినా నష్టమేం లేదు. 2025 ఏప్రిల్లో ఐటీ హిల్ 3 మీద 21.16 ఎకరాలు ఇచ్చినప్పుడు 12,000 ఉద్యోగాలన్నారు. నేనడిగేది ఆ పన్నెండు వేల గురించి. ఎప్పటిలోగా? కొత్తగా తీసుకున్నవాళ్లా, హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లనీ కలిపేస్తారా? లెక్క తగ్గితే భూమి వెనక్కి తీసుకుంటారా, లేకపోతే ‘మార్కెట్ బాలేదండి’ అనేసి గడువు పొడిగిస్తారా? ఇవన్నీ ఒప్పందంలో రాసి ఉండాల్సిన విషయాలు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి ఒప్పందం కాపీ అడగండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వ్యాపార రహస్యమని దాటేస్తే అప్పీలుకు వెళ్లొచ్చు.

కూర్మన్నపాలెం వాళ్లకు నేను చెప్పేదేముంది. స్టీల్ ప్లాంటుకి ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి, చేతికి నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు తీసుకుని, ఉద్యోగం వస్తుందని చూసీ చూసీ రిటైర్‌మెంట్ వయసు దాటిపోయినవాళ్లు మీ వీధిలోనే ఉంటారు. ఆ కార్డు ఒకసారి చూడండి, ఉద్యోగం ఫలానా తేదీలోగా ఇస్తామని దాని మీద ఉండదు.

ప్రశ్న: మా మావయ్యగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ముంబై పోలీసులమంటూ వీడియో కాల్ వచ్చింది, ఆయన ఆధార్ మీద డ్రగ్స్ పార్సిల్ దొరికిందట, డిజిటల్ అరెస్టు అట. తలుపేసుకుని గదిలోనే ఉండిపోయారు, భోజనానికి కూడా రాలేదు. నాకు అనుమానమొచ్చి ఫోన్ లాక్కున్నాను, డబ్బు పోలేదు. అంత చదువుకున్నాయన ఎలా నమ్మారో అర్థం కావట్లేదు. (సీతమ్మధార గృహిణి)

జవాబు: మంచి పని చేశారమ్మా. చదువుకున్నారు, పరువుగా బతికారు, జన్మలో పోలీసు స్టేషను మెట్టు ఎక్కలేదు, అందుకే నమ్మారు. స్టేషన్ల చుట్టూ తిరిగినవాడైతే ఆ కాల్ చూసి నవ్వేసేవాడు. సెల్ పోయిందని ఫిర్యాదు ఇవ్వబోతే ‘ఎస్సైగారు బందోబస్తుకెళ్లారు, రేపు రండి’ అనే డిపార్టుమెంటులో, ఒక పెద్దాఫీసరు యూనిఫాం వేసుకుని మీ మావయ్యగారి కోసం పూటంతా వీడియోలో కూర్చుంటాడా? ఆ దొంగలకు తెలిసిన పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. పోలీసంటే మర్యాదస్తులకు ఎంత టెన్షనో బాగా తెలుసు, దాంతోనే తింటున్నారు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ చట్టాల్లో ఎక్కడా డిజిటల్ అరెస్టు అనేది లేదు, పాతవాటిలోనూ లేదు. విచారణకు రమ్మని ఇచ్చే నోటీసు కూడా వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మావయ్యగారికి మెల్లగా చెప్పండి, నలుగురిలో ఎగతాళి చేయకండి, ఈసారి భయపడితే మీకు చెప్పకుండా దాచేస్తారు.

డబ్బు పోయినవాళ్లు ఇది చదువుతుంటే, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకు మేనేజరు సీటుకు వచ్చేదాకా ఆగొద్దు. ఆ సొమ్ము గంటల్లో పది అద్దె ఖాతాలు మారిపోతుంది, ఈలోగా ఆపగలిగితే ఆపినట్టు. మూడు పనిదినాల్లో చెబితే కస్టమర్‌కి నష్టం ఉండదన్న 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన చూపించి ధైర్యం చెప్పేవాళ్లుంటారు. అది మన తప్పేమీ లేకుండా పోయిన డబ్బుకి. మనంతట మనమే ట్రాన్స్‌ఫర్ కొడితే ‘మీరే పంపారు కదా సార్’ అంటుంది బ్యాంకు.

ప్రశ్న: షాపింగ్ మాల్‌లో ఫోన్ నంబరు చెప్పకపోతే బిల్లు వేయమంటున్నారు. తప్పదా? (అక్కయ్యపాలెం)

జవాబు: అక్కర్లేదు. నంబరు కోసం పట్టుబట్టొద్దని 2023లోనే కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకు చెప్పింది. ‘సిస్టమ్ తీసుకోదు మేడం’ అంటే కౌంటర్లో అమ్మాయితో గొడవపడకండి, పాపం ఆ పిల్ల చేతిలో ఏమీ లేదు, మేనేజర్ని పిలవండి. ఆయన ఏదో ఒక నంబరు కొట్టేస్తాడు, సిస్టమ్ చక్కగా తీసుకుంటుంది.

ప్రశ్న: మద్దిలపాలెంలో మా పోర్షన్ ఖాళీ చేయమని అద్దెకున్నవాళ్లకు లాయర్ నోటీసు లాంటిది ఏఐతో రాయించాను. మూడు సుప్రీంకోర్టు తీర్పులు కూడా ఇచ్చింది. పంపేయవచ్చా?

జవాబు: ఆ మూడు తీర్పులూ ఉన్నాయేమో ముందు చూశారా? ఇండియన్ కానూన్ సైటులో పేర్లు కొట్టి చూడండి, పైసా ఖర్చు లేదు. తీర్పు దొరికినా అందులో మీరనుకున్న మాట ఉండకపోవచ్చు, అదీ చదవాలి. బెంగళూరు ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ 2024 డిసెంబరులో ఇచ్చిన ఒక ఉత్తర్వులోనే లోకంలో లేని తీర్పులు దొర్లి, దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ట్రిబ్యునల్ కాబట్టి వెనక్కి తీసుకుంది, మీ నోటీసు అవతలి లాయరు చేతిలో పడితే మిమ్మల్ని కోర్టులో ఆడుకుంటాడు. అసలు మీరు అగ్రిమెంటు పదకొండు నెలలకే రాసుకున్నారా, గడువు అయిపోయాక మళ్లీ రాసుకున్నారా అన్నది మీ ఉత్తరంలో లేదు. మీ కేసంతా ఆ కాగితం మీదే నిలబడుతుంది, దాన్ని పట్టుకుని దగ్గర్లో ఒక లాయర్ని కలవండి. నోటీసుకి ఆయన తీసుకునే ఫీజు, ఖాళీగా పోయే ఒక నెల అద్దె కంటే తక్కువే ఉంటుంది.

ప్రశ్న: బీచ్ రోడ్డులో ఒక రెస్టారెంట్లో నలుగురం తిన్నాం. బిల్లులో సర్వీసు చార్జీ 10 శాతం. పైగా ఇరవై రూపాయల నీళ్ల సీసాకి అరవై వేశారు. రెండూ మోసమేనా? (ఏయూ విద్యార్థి)

జవాబు: మొదటిది తీసేయమని అడగొచ్చు. సర్వీసు చార్జీని బిల్లులో దానంతట అది కలిపేయకూడదని 2022 జులైలో వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు దాని మీద కోర్టుకెక్కితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాళ్ల పిటిషన్లు కొట్టేసింది. ‘అది స్టాఫ్‌కే సార్’ అంటారు, స్టాఫ్‌కి ఇవ్వాలనిపిస్తే మీరే చేతికివ్వండి. జీఎస్టీ వేరే సంగతి, అది కట్టాల్సిందే.

రెండోది మీకు నచ్చదు. కిరాణా కొట్టువాడు ఎమ్మార్పీ మీద రూపాయి ఎక్కువ తీసుకున్నా నేరమే. కూర్చోబెట్టి వడ్డించే హోటలు మాత్రం నీళ్ల సీసాకి ఎక్కువ వేసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది, ఏసీ, కుర్చీ, సర్వీసు అన్నీ అందులో ఉన్నాయన్న లెక్కన. ఆ సర్వీసు సీసా రేట్లోనే ఉందంటే మళ్లీ పది శాతం సర్వీసు చార్జీ దేనికని మేనేజర్ని అడిగి చూడండి. తీయకపోతే బిల్లు కట్టి, జీఎస్టీ నంబరు, తేదీ కనిపించేలా ఫొటో తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. రశీదు ఊరికే జేబులో పెట్టుకోవద్దు, ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకే చెరిగిపోతాయి.