ఆస్పత్రిలో బీపీ 150/95, ఇంట్లో 130/82: ఏది నమ్మాలి?

నాన్నగారికి ఆస్పత్రిలో ఎక్కువ, ఇంట్లో తక్కువ వస్తోంది, ఇంటి మెషీన్ పాడైందేమో అని అడిగారు కదా. మీ నాన్నగారి మెషీన్ పాడైందని ఇప్పుడే తేల్చేయకండి. మా అమ్మదీ ఇదే కథ. మేం వెళ్లే క్లినిక్ రెండో అంతస్తులో ఉంది. లిఫ్ట్ మధ్యలో ఆగిపోతుందన్న భయంతో అమ్మ మెట్లెక్కే వస్తుంది. ఆయాసం తీరకముందే పిలుస్తారు. నర్సమ్మ జాకెట్టు చెయ్యి మీదే పట్టీ చుట్టి, "ఇవాళ ఏం కూరండీ ఆంటీ" అని కబుర్లాడుతూ గాలి కొడుతుంది. ఇంక 150 రాక ఏమొస్తుంది? పైగా డాక్టరు దగ్గర బెరుకొకటి. ఆస్పత్రిలో అడుగు పెట్టగానే బీపీ పెరిగేవాళ్లు చాలామందే ఉంటారు.

మాట్లాడినా, కాఫీ తాగినా, ఆఖరికి మూత్రం ఆపుకున్నా బీపీ పెరుగుతుంది. అందుకే డాక్టరు గారు మాతో ఇంట్లో చూసి రాయించారు. మణికట్టుకి కాదు, మోచేతి పైన పట్టీ వేసే మెషీన్ కావాలి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ వద్దు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, కిందికి వేలాడేస్తే ఎక్కువ చూపిస్తుంది. పొద్దున మాత్రకి ముందు, మళ్లీ సాయంత్రం, నిమిషం తేడాతో రెండేసిసార్లు. వారం రాసి, మొదటిరోజువి వదిలేసి సగటు తీయండి. పై అంకె 135 గానీ, కింది అంకె 85 గానీ చేరితే ఇంటి లెక్కలో అది ఎక్కువే. ఆస్పత్రి లెక్కలో ఆ గీత 140/90.

మా మేనమామది దీనికి తిరగబడ్డ కేసు. ఆస్పత్రిలో బాగానే ఉండేది, ఇంట్లో ఎక్కువ. "తల తిరగట్లేదు కదా, నాకు బీపీ ఎక్కడిది" అనేవాడు. బీపీకి చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. రక్తనాళాలు ఏళ్ల తరబడి లోలోపలే దెబ్బతిని, చివరికి పక్షవాతంగానో గుండెపోటుగానో బయటపడుతుంది. మామయ్యకి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగి దొరికింది.

నాన్నగారు ఇప్పటికే మాత్రలు వాడుతుంటే, ఇంట్లో వచ్చే ఆ 130 అంకె మాత్రల చలవే కావచ్చు. తగ్గిందని మీ అంతట మీరు ఆపకండి. రాసిన పుస్తకంతో పాటు మెషీన్ కూడా పట్టుకెళ్లి, డాక్టరు దగ్గరున్న దాంతో పోల్చి చూపించమనండి. ఆవకాయ సంగతి మీరు అడగలేదు గానీ, రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పంటే మొత్తం మీద ఒక చిన్న చెంచాడే, పచ్చళ్లతో కలిపి.

ఛాతీనొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం లాంటివి ఉంటే మాత్రం అంకె ఎంతుందో చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.