అంగోలా జైలు పాట నేర్చుకుంటున్న మా వాడికి

చి. కిరణ్‌కి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని అంగోలా జైల్లో ఖైదీగా ఉండి, నల్లవాళ్ల బ్లూస్ పాటలు పాడిన రాబర్ట్ పీట్ విలియమ్స్ పాట పట్టుకున్నావనీ, తాళం లెక్క కొట్టే మెట్రోనోమ్ పెడితే అతను ఎక్కడా దానికి అందడం లేదనీ రాశావు. అందడు. ముందు ఆ మెట్రోనోమ్ కట్టెయ్.

బ్లూస్ అంటే పన్నెండు బార్లు (తాళం ఆవర్తాలు), మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాలు) అని క్లాసులో చెప్పుంటారు. చాలామంది పాటలకు ఆ లెక్క సరిపోతుంది, ఇతనికి సరిపోదు. ఒకే కార్డు మీద ఎంతసేపైనా నిలబడతాడు. చెప్పాల్సిన మాట పొడుగైతే బారు సాగుతుంది, మాట ముందే అయిపోతే అక్కడే తెగుతుంది. మన పౌరాణిక నాటకాల్లో నటుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తుంటే హార్మోనియం ఆయన కోసం కాచుకుని ఉంటుంది చూడు, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ పద్యం పాడేదీ హార్మోనియం వాయించేదీ ఒక్కడే.

అందుకని మాటలతో మొదలుపెట్టు. గిటార్ పక్కన పెట్టి, ఒక్క రికార్డింగు తీసుకుని, విన్నది విన్నట్టు కాగితం మీద రాసుకో. తెలుగు లిపిలో రాసుకున్నా పరవాలేదు. ఇంటర్నెట్‌లో దొరికే లిరిక్స్ నమ్మకు. చాలావరకు అప్పటికప్పుడు అల్లి పాడేవాడు కాబట్టి ఒకసారి పాడింది ఇంకోసారి ఉండదు. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో అక్కడ గీత పెట్టుకో. ఆ తర్వాత బొటనవేలు ఒక్కటే పెట్టి లావు తీగ మీద సాధన చెయ్యి. పైతీగల మీద వచ్చే ఆ చిన్న చిన్న విరుపులు పాటకు అలంకారం కావు, గొంతు ఆగినచోట మాట అందుకునేవి. గీతలు సరిగ్గా పెట్టుకుంటే అవి ఎక్కడ పడాలో నీకే తెలిసిపోతుంది.

ఇంకో మాట. వయసంతా రేడియోలో టేపుల మధ్య గడిపినవాణ్ణి కాబట్టి నా దృష్టి ఎప్పుడూ మెషీన్ మీదికి పోతుంది. 1933లో జానపద పాటలు సేకరించే జాన్ లోమాక్స్, కొడుకు అలన్ ఇదే అంగోలా జైల్లో ఖైదీగా ఉన్న గాయకుడు లెడ్ బెల్లీ పాటలు రికార్డు చేశారు. వాళ్ల కారు డిక్కీలో ఉన్న మెషీన్ బరువు దాదాపు 140 కిలోలు. అది పాటను డిస్కు మీద చెక్కేది. డిస్కు నిండేలోగా, అంటే కొద్ది నిమిషాల్లో, పాట ముగించాలి. పాతికేళ్ల తర్వాత విలియమ్స్‌ని రికార్డు చేయడానికి హ్యారీ ఆస్టర్ వచ్చేసరికి టేపు వచ్చింది. ఆయన మీ బాటన్ రూజ్‌లోనే, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)లో ఇంగ్లీషు చెప్పేవాడు. టేపు తిరుగుతూ ఉంటే పాడేవాడికి టెన్షన్ ఉండదు. 'ప్రిజనర్స్ టాకింగ్ బ్లూస్' అనే ముక్కలో విలియమ్స్ పాటకంటే ముందు మాట్లాడతాడు. గిటార్ మెల్లగా నడుస్తుంటుంది. జైలుకొచ్చాక జుట్టు నెరుస్తోందంటాడు, ఒంట్లో బలం తగ్గిపోతోందంటాడు. గొంతు పెంచడు, ఎవర్నీ బతిమాలడు.

ఆ ముక్కలో గిటార్ వరకే నేర్చుకో. ఆ మాటలు మాత్రం నీ ఫ్రెండ్స్ ముందు ఒప్పజెప్పకు. అవి అతను తన బతుకు గురించి తను చెప్పుకున్నవి, నీ నోట వేషం కట్టినట్టుంటుంది. మిగతా పాటల్లో కూడా ఆ యాస పట్టాలని చూడకు, నీ గొంతుతోనే పాడు.

పాటకు ముందు రెండు ముక్కలు చెబుదామనుకుంటున్నావు కదా. "పాట పాడి జైలు నుంచి బయటపడ్డాడు" అనే కథ దగ్గర కాస్త జాగ్రత్త. లెడ్ బెల్లీ పాట విని గవర్నర్ కరిగిపోయి వదిలేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. లోమాక్స్ ఆ డిస్కు గవర్నర్ ఆఫీసుకు చేర్చిన మాట నిజమే. కానీ 1934 ఆగస్టులో విడుదలైంది సత్ప్రవర్తనకు చట్టం ఇచ్చే తగ్గింపు కిందేనని జైలు అధికారులే తర్వాత రాశారు.

విలియమ్స్ సంగతి వేరు. 1956లో ఒక నైట్‌క్లబ్బులో మనిషిని కాల్చి చంపాడు. ఆత్మరక్షణ కోసమే అన్నాడు, యావజ్జీవం పడింది. ఆస్టర్, అతనితో వచ్చిన రిచర్డ్ అలెన్ రికార్డు చేయడంతో ఆగకుండా విడుదల కోసం అర్జీ పెట్టారు. తర్వాత పెరోల్ వచ్చింది. ఎలాంటి పెరోల్ అనుకున్నావు? డెన్హమ్ స్ప్రింగ్స్‌లో ఒక పొలంలో వారానికి 80 గంటల పని, చేతికి సరైన జీతం లేదు, తిండీ గదీ మాత్రం ఇచ్చేవారు. లూసియానా దాటి వెళ్లకూడదు. రికార్డు బయట మంచి పేరు తెచ్చుకుంటుంటే మనిషి ఇక్కడ మడి దున్నుతున్నాడు. 1964లో గానీ న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌కు వెళ్లలేకపోయాడు. చెబితే ఇదంతా చెప్పు, పాట జైలు తలుపు తీసిందన్న చోట ఆపేయకు.

కారు తీసుకుని ఆ జైలు వైపు వెళ్లొస్తానన్నావు, మంచిదే. ఉత్తరానికి వెళ్తే ముందు జాకరీ వస్తుంది, అది అతని సొంతూరు. ఇంకా పోతే సెయింట్ ఫ్రాన్సిస్‌విల్, ఆ పైన జైలు. ఒకప్పటి ప్లాంటేషన్, 18,000 ఎకరాలు, మూడు వైపులా మిసిసిపీ నది. ఖైదీలు ఇప్పటికీ ఆ పొలాల్లో పనిచేస్తారు. గేటు బయట మ్యూజియం ఉంది, అది చూడు. గేటు ముందు గిటార్ పట్టుకుని సెల్ఫీ మాత్రం దిగకు.

ఆస్టర్ ఆ జైల్లో రికార్డు చేసిన ఆల్బమ్‌లోనే హాగ్‌మన్ మ్యాక్సీ, గిటార్ వెల్చ్ అనే ఖైదీల పాటలు కూడా ఉన్నాయి, విను. అదే జైలు, అదే టేపు, అయినా ఒకరి చెయ్యి ఇంకొకరికి రాదు.

మొదటి పాట కుదిరాక ఫోన్‌లోనే రికార్డు చేసి పంపు. ఎకో గీకో కలపకు. పెద్దమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఇట్లు,
పెదనాన్న