కామెర్లు తక్కువే అన్నారు, మళ్ళీ రక్తపరీక్షకు వెళ్ళాలా?

"పుట్టిన బిడ్డకు జాండిస్ తక్కువే, రెండు రోజులాగి రమ్మన్నారు, లేత ఎండలో పెడితే చాలదా, మళ్ళీ మడమలో సూది గుచ్చించాలా?" అని ఒకరు అడిగారు. గుచ్చించండి. నేను ఒక్క రోజు ఆగి అనుభవించాను.

మాది బెంగళూరు, మారతహళ్ళి. పాప 37 వారాలకే పుట్టింది. మూడో రోజు డిశ్చార్జ్ చేస్తూ, రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో ఒంటికి పసుపు తెచ్చే పదార్థం) 11 ఉంది, ఎల్లుండి తీసుకురండి అన్నారు. ఆ రోజేమో వాన. వాన పడితే ఔటర్ రింగ్ రోడ్డు సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. మదనపల్లె నుంచి వచ్చిన మా అత్తగారు "ఈ ముసురులో పసిబిడ్డను యాడికి తీసకపోతారు నాయనా, పొద్దుటెండలో పండబెడితే అదే పోతుంది" అన్నారు. రెండు టవర్ల మధ్య మా బాల్కనీకి ఎండ వచ్చేదే ఇరవై నిమిషాలు. వానలో అదీ లేదు.

పాప పాలకు ఏడవకుండా నిద్రపోతుంటే ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాం. మధ్యాహ్నం వేసిన డైపర్ సాయంత్రానికీ పొడిగానే ఉంది. రంగు చూద్దామంటే, ఇంటీరియర్ చేసినవాడు హాలంతా పసుపు లైట్లు పెట్టి చచ్చాడు, వాటికింద నేనూ కామెర్ల రోగిలాగే ఉంటాను. తెల్లారాక కిటికీ దగ్గర పాప ఛాతీ మీద వేలితో నొక్కి తీస్తే, చర్మం పసుపుకొమ్ములా ఉంది.

ఆసుపత్రిలో బిలిరుబిన్ 18.6 వచ్చింది. బరువు 2.7 కిలోల నుంచి 2.45కి పడిపోయింది. కళ్ళకు గంతలు కట్టి ఒక రోజంతా నీలి లైట్ కింద ఉంచితే 13కి దిగింది. రెండు మూడు గంటలకోసారి అరికాలికి గిలిగింతలు పెట్టి లేపి పాలు పట్టమని నర్సు చెప్పింది. వాట్సాప్ గ్రూపులో ఎవరో గ్లూకోజ్ నీళ్ళు పట్టమన్నారు. అవి మాత్రం వద్దు.

ఎండకు గుణం లేదనను. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సు జీన్ వార్డ్ ఎండ తగిలినచోట పసుపు తగ్గడం గమనించాకే ఈ లైట్లు వచ్చాయి. కానీ ఎండ మోతాదు ఎవరు కొలుస్తారు? పైగా కామెర్లు బాగా పెరిగేది మూడు నుంచి ఐదో రోజు మధ్య, అంటే మనం ఇంటికొచ్చేశాక.

రెండు వారాలు దాటాక కూడా పసుపు పోకపోయినా, విరేచనం సున్నంలా తెల్లగా వచ్చినా అసలు ఆగకండి. పైత్యనాళం (కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగులోకి తెచ్చే గొట్టం) మూసుకుపోయి ఉంటే, దానికి చేసే ఆపరేషన్ బిడ్డకు రెండు నెలలు నిండేలోపే చేయించాలి.

డిశ్చార్జ్ కాగితం తీసుకెళ్ళండి. బిడ్డ పుట్టి ఎన్ని గంటలైందో చూసే బిలిరుబిన్ ఎక్కువో తక్కువో తేలుస్తారు. నేను మర్చిపోతే మా అత్తగారు ఫోటో తీసి పంపారు, అదీ ఆ పసుపు లైట్ కిందే.