ఎఫ్‌డీ బ్రేక్ చేసే ముందు లెక్కల పుస్తకం మీ ఆవిడ ముందు పెట్టు

ప్రశ్న: అన్నా, మాది ఒడిశాలో పర్లాకిమిడి. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని, చేతికి 32,000 వస్తుంది. మా ఆవిడది ఆంధ్రాలో టెక్కలి. పెళ్లయ్యాక విశాఖలో ఎం.ఫార్మసీ చదివింది, ఆగస్టులో అయిపోయింది. చదువు లోను 3,20,000, రెండు విడతల్లో సగం సగం ఇచ్చారు, వడ్డీ 10.5 శాతం, తోడు సంతకం పెట్టిన కో-బారోవర్‌ని నేనే. నాలుగు నెలలుగా ఉద్యోగం వెతుకుతోంది. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో జాబ్ సైట్లు చూస్తుంది, సరిగా తినదు, ఎవరైనా అడిగితే ఏడ్చేస్తుంది. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో, 17,000కి రమ్మంటే, ఇంత చదివి 17 వేలకా అని నేనే వద్దన్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ 65,000 కడితే కోర్సు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటోంది. లక్ష ఎఫ్‌డీ, సేవింగ్స్‌లో 35,000 ఉన్నాయి. లక్ష చీటీ ఇంకా 14 నెలలుంది. ఎఫ్‌డీ బ్రేక్ చేయనా, చీటీ పాడేయనా? చదువు లోను వడ్డీకి 80ఈ కింద పన్ను మినహాయింపు నాకొస్తుందా? మా ఆవిడ ఒడిశా గవర్నమెంటు పోస్టులకి ప్రయత్నించొచ్చా? నెల ఖర్చుల చిట్టా కూడా పంపుతున్నాను. తనకి టెన్షన్ పెరుగుతుందని డబ్బు సంగతులేవీ చెప్పట్లేదు.

జవాబు: అన్నా అని రాశావు కాబట్టి నువ్వు అనే అంటాను తమ్ముడూ. రెండూ వద్దు. ఎఫ్‌డీ కదపకు, చీటీ పాడకు. ఇది ఒక్క ముక్కలో చెప్పేసి ఊరుకోవచ్చు గానీ నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా తగిలింది చివరి వాక్యం, డబ్బు సంగతులేవీ చెప్పట్లేదు అన్నది.

నీకు తెలియట్లేదు గానీ ఆమెకి అంతా తెలుస్తూనే ఉంటుంది. ఎంత ఉందో, ఎంత పోతోందో మాత్రం తెలియదు. లోను తన పేరు మీద ఉంది, దాని మీద వడ్డీ పెరుగుతోందని తెలుసు, నువ్వు నెలాఖరులో ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లి మాట్లాడుతున్నావని తెలుసు. అంకె తెలియనప్పుడు మనిషి మనసులో పెట్టుకునే అంకె ఎప్పుడూ అసలు దానికన్నా పెద్దదే. నేను బరంపురంలో డిగ్రీ అయ్యాక ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాను. నాకు చెప్తే బాధపడతానని మా నాన్న ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి నడిపించాడట, ఆ సంగతి నాకు చెప్పింది మా వీధి చివర కిరాణా కొట్టాయన. ఉద్యోగం లేదన్న బాధ కన్నా ఆ రోజు కొట్టు ముందు నిలబడ్డ బాధే ఎక్కువ గుర్తుంది నాకు.

సరే, నువ్వు పంపిన ఖర్చులతో లెక్క వేద్దాం. ఇల్లు 14,500, అమ్మగారి మందులు 2,500, బండి వాయిదా 3,200, చీటీ 5,000, పెట్రోలు 3,800. మొత్తం 29,000. మిగిలేది 3,000. ఇప్పుడు ఆ మూడు వేలే ఆమె ఇంటర్వ్యూల ప్రయాణాలకి పోతోంది కాబట్టి నెలాఖరుకి ఏమీ మిగలక నీకు ఊపిరాడట్లేదు.

ఇక లోను సంగతి. చదువు లోన్లకి మామూలుగా కోర్సు అయ్యాక ఇంకో ఏడాది మారటోరియం, అంటే వాయిదాలు కట్టక్కర్లేని గడువు, ఉంటుంది, నీ శాంక్షన్ లెటర్‌లో ఒకసారి చూసుకో. అంటే వచ్చే ఆగస్టు దాకా ఈఎంఐ లేదు. ఈలోగా పడేది బారువడ్డీ, చక్రవడ్డీ కాదు, గడువు అయ్యాక దాన్ని అసలులో కలుపుతారు. లోను రెండు విడతల్లో సగం సగం ఇచ్చారని రాశావు కదా, మొదటి ఏడాది 1,60,000 మీద 16,800, రెండో ఏడాది మొత్తం మీద 33,600, ఈ ఏడాది ఇంకో 33,600. కలిపితే 84,000. అంటే సెప్టెంబరు నాటికి లోను 4,04,000 దగ్గర ఉంటుంది. ఏడేళ్లకి కడితే ఈఎంఐ దాదాపు 6,800.

ఇప్పుడు చూడు, నీ బండి వాయిదాలు తొమ్మిదే మిగిలాయి, సరిగ్గా ఆగస్టుతో అయిపోతాయి. ఆ 3,200, నెలనెలా మిగిలే 3,000 కలిపితే 6,200. అంటే మీ ఆవిడకి ఉద్యోగం రాకపోయినా, అసలు ఒక్క రూపాయి రాకపోయినా, సెప్టెంబరులో నీకు తక్కువపడేది నెలకి 600 రూపాయలు. మీ ఇద్దరి నిద్ర చెడగొడుతున్న భూతం ఖరీదు అంతే! లోను కాలం పదేళ్లకి పెట్టమని అడిగితే ఈఎంఐ 5,450కి దిగుతుంది, ఆ ఆరు వందలు కూడా అక్కర్లేదు. వడ్డీ మొత్తం మీద ఎక్కువే కడతాం, కాదనను. కానీ ఫ్లోటింగ్ రేటు లోను అయితే ముందే తీర్చేసినందుకు పెనాల్టీ ఉండదు, ఆమెకి జీతం వచ్చాక గబగబా తీర్చుకోవచ్చు. బ్యాంకుకి జూన్‌లోనే వెళ్లు, కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకో. ఈఎంఐ ఒకటి తప్పాక వెళ్తే మాట వేరుగా ఉంటుంది, పైగా అప్పులు ఎలా తీరుస్తామో బ్యాంకులకి చూపే సిబిల్ స్కోరు ఆమెదీ పడుతుంది, కో-బారోవర్‌వి కాబట్టి నీదీ పడుతుంది.

ఇప్పటినుంచే నెలకి 2,800 వడ్డీ కట్టేస్తే మంచిది కదా అని కొందరు చెప్తారు. డబ్బున్న ఇంట్లో అది మంచి సలహానే. నీ దగ్గర చేతిలో రొక్కం ఉండటమే ముఖ్యం, ఇప్పుడు కట్టకు. 80ఈ కింద పన్ను మినహాయింపు గురించి కూడా అడిగావు, నీ జీతానికి అసలు పన్నే పడదు, వదిలెయ్.

ఇక చెయ్యాల్సింది. సేవింగ్స్‌లో ఉన్న 35,000 నుంచి 24,000 తీసి ఆమె ఖాతాలో వెయ్యి. ఎనిమిది నెలలకి, నెలకి మూడు వేల లెక్కన. అది ఉద్యోగం వెతుక్కోవడానికి, దానికి నీకు లెక్క చెప్పక్కర్లేదు. పైడిభీమవరం వాకిన్‌కి వెళ్తుందో, హైదరాబాద్ రైలెక్కుతుందో, ఒక మంచి డ్రెస్ కొనుక్కుంటుందో ఆమె ఇష్టం. ప్రతి ఇంటర్వ్యూకీ మొగుడి ముందు నిలబడి రెండు వేలు అడగాలంటే ఎంత చిన్నతనంగా ఉంటుందో నువ్వెప్పుడైనా ఆలోచించావా? అడగలేక ఆమె మానేసిన ఇంటర్వ్యూలు కూడా ఉండే ఉంటాయి, మెల్లగా అడిగి చూడు. దీంతో నీ దగ్గర నెలకి మిగిలే మూడు వేలు నిజంగా మిగులుతుంది, దాన్ని పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఆర్‌డీ వెయ్యి. లక్ష ఎఫ్‌డీ మాత్రం అమ్మగారికి ఒంట్లో బాగోలేకపోయినా, నీ ఉద్యోగానికి ఏమైనా అయినా మూడు నెలలు ఇల్లు నడపడానికి. దాన్ని కోర్సుకి పెడితే ఆ తర్వాత వచ్చే ప్రతి ఇంటర్వ్యూ ఆమె మెడ మీద 65,000 బరువుతో వస్తుంది. చీటీ కూడా అంతే, ఇప్పుడు పాడితే ఎంత తగ్గించుకుని తీసుకోవాలో నీకు తెలియంది కాదు.

కోర్సు చెడ్డదని నేనట్లేదు. గ్యారంటీ అన్న మాట కాగితం మీద రాసిమ్మను, ఉద్యోగం రాకపోతే ఎన్ని రోజుల్లో ఎంత తిరిగిస్తారో కూడా రాయమను. చాలాచోట్ల నోటితో గ్యారంటీ, కాగితం మీద అసిస్టెన్స్ ఉంటుంది. పోయిన బ్యాచ్ పిల్లల్లో ఓ నలుగురి నంబర్లు అడిగి ఆమెనే మాట్లాడమను. అవన్నీ సరిగా ఉంటే వాయిదాల్లో కట్టే మాట చూద్దాం. రుచి చూడ్డానికైతే ఎన్‌పీటెల్, స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సైట్లలో పాఠాలు ఉచితం. ఇంకెవరైనా రెండు లక్షలిస్తే కంపెనీలో పెట్టిస్తానంటే టీ ఇచ్చి పంపించెయ్యి. ప్రభుత్వ ఉద్యోగం ఇప్పిస్తానన్నవాడైతే టీ కూడా వద్దు, 2018 నుంచి లంచం ఇచ్చినవాడికీ ఏడేళ్ల దాకా శిక్ష ఉంది.

ఒడిశా గవర్నమెంటు పోస్టులకి ప్రయత్నించొచ్చా అన్నావు. మన సరిహద్దు కోడళ్లందరికీ ఉన్న చిక్కే ఇది. ఆమె పదో తరగతి తెలుగు మీడియం, ఇక్కడి పోస్టులకి ఒడియా చదవడం, రాయడం రావాలి, కనీసం ఎం.ఇ. స్థాయి, అంటే ఏడో తరగతి స్థాయి, ఒడియా పాసై ఉండాలి. దానికి విడిగా పరీక్ష ఉంది. మీ అమ్మగారికి ఒడియా వచ్చు కదా, మధ్యాహ్నం గంటసేపు ఇద్దరూ కూర్చుంటే ఆ గంటైనా ఆ అమ్మాయి ఫోన్ పక్కన పెడుతుంది. అటు ఆంధ్రాలో స్థానికత చూసేది చదువుని బట్టి గానీ పెళ్లిని బట్టి కాదు, టెక్కలిలో చదివిన సర్టిఫికెట్లు జాగ్రత్తగా పెట్టుకోమను.

ఇప్పుడు ఇంట్లో సంగతి. నేను డబ్బు లెక్కల మనిషిని, డాక్టర్‌ని కాదు. నాకు తెలిసింది ఒకటే, రోజూ సాయంత్రం బండి దిగుతూనే ఏమైంది, మెయిల్ వచ్చిందా అని అడగడం మానెయ్. ఆదివారం ఒక అరగంట పెట్టుకోండి, లెక్కల పుస్తకం, లోను కాగితాలు, బండి వాయిదాల కార్డు అన్నీ ముందేసుకుని పైన నేను రాసిన లెక్క ఆమె చేతే వేయించు. తప్పు దొరికితే దిద్దమను, నాకేం అభ్యంతరం లేదు. మిగతా ఆరు రోజులూ ఆ మాట ఎత్తకండి. పక్కింటివాళ్లు ఇంకా రాలేదా అమ్మా అని అడిగితే జవాబు నువ్వు చెప్పు, ఆమెని చెప్పనివ్వకు. తిండి, నిద్ర ఇలా రెండు వారాలకి మించి చెడితే మాత్రం లెక్కలతో పని జరగదు. 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అది, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది. జ్వరానికి వెళ్లినట్టే వెళ్లండి.

చివరగా ఆ 17,000 ఉద్యోగం. ఇంత చదివి 17 వేలకా అన్నావు చూడు, అది ఆమె మాట కాదు, నీ మాట. రోజూ వెళ్లి రాలేని దూరం, హాస్టలు 6,000, రానుపోను 2,000 వేసుకున్నా చేతిలో 9,000 మిగులుతుంది. ఏడేళ్ల ఈఎంఐ పోగా ఇంకా 2,200 ఉంటుంది. పైగా ఫార్మాలో క్యూసీలో ఏడాది చేసినవాళ్లని చూసే చూపు వేరు. వారానికి ఐదారు రోజులు విడిగా ఉండటం కష్టమే, అమ్మగారిని చూసుకునేది ఎవరన్న ప్రశ్న కూడా ఉంది, అది మీ ముగ్గురూ తేల్చుకోవాలి, నేను చెప్పేది కాదు. కానీ ఆ హెచ్‌ఆర్ నంబరు ఆమె ఫోన్‌లో ఇంకా ఉండే ఉంటుంది. వద్దన్నది నువ్వు కాబట్టి, ఆ సంగతి మళ్లీ ఎత్తాల్సింది కూడా నువ్వే.